ముసుగు తీయని ఏడో మనిషి

హెరన్ కోవ్,
9 ఫిబ్రవరి 1994

కెజియాకు,

నువ్వు పంపిన కవరు నిన్నటి పడవలో వచ్చింది. అందులోని ఫొటోని తిప్పి పంపాలి కాబట్టి ఇవాళే రాస్తున్నాను. రేపటి పడవ తప్పితే మళ్ళీ వారం దాకా లేదు. అన్నాళ్ళు అది నా ఇంట్లో ఉండటం నాకిష్టం లేదు.

ముందు తప్పులు చెప్తాను. ఉత్తరం మీద తేదీ లేదు. ఫొటో వెనక పేర్లు లేవు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయని ఫొటో ఒట్టి కాగితం. నీ చిన్నప్పుడే చెప్పాను, మళ్ళీ చెప్తున్నాను. పెన్సిలుతో నేనే రాశాను: మా వంటిల్లు, క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు సాయంత్రం. ఎడమనుంచి సైలస్ బఫెట్, అతని భార్య మెలీనా, పియర్సీ అన్నదమ్ములు నలుగురు. ఏడో మనిషికి గీత గీసి వదిలేశాను.

నీ ఫొటోల ప్రదర్శనలో గోడకి అంటించడానికి నువ్వు రాసిన పేరా కూడా దిద్దాను. 'ప్రాచీన శీతకాల వినోదం' అని రాశావు. పట్నంవాళ్ళకి అలా చెబితే సర్కస్ అనుకుంటారు. ఇలా రాయి: 'క్రిస్మస్ పన్నెండు రోజుల్లో ముసుగువాళ్ళు ఇంటికొచ్చి తలుపు తడతారు. మొహానికి కిటికీ తెరో, దిండు గలీబో కప్పుకుంటారు. ఆడవాళ్ళు మగ బట్టలు, మగవాళ్ళు ఆడ బట్టలు వేసుకుంటారు. గొంతు తెలియకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఇంటివాళ్ళు పేర్లు చెప్పాలి. పేరు సరిగ్గా చెబితే ముసుగు తీయాలి. తీసినవాళ్ళకే కేకు. చెప్పలేకపోతే వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతారు, ఎవరో తెలియదు.' అంతే. ఇంకొక్క మాట అక్కర్లేదు.

ఆ సాయంత్రం నువ్వు పెట్టె కెమెరా వెనక, నల్లగుడ్డ కింద ఉన్నావు కాబట్టి మాటలు సరిగా విన్నావో లేదో. సైలస్ మెలీనా గౌను తొడుక్కొచ్చి, "టీచరమ్మా, ఈ ఏడైనా కేకులో ఎండుద్రాక్షలు పడ్డాయా, లేక కిందటేడులాగ మనిషికొకటి లెక్కన వేశావా?" అన్నాడు, ఊపిరి పీలుస్తూ.

"గొంతు దాచుకోవడం దేనికి సైలస్? ఆ మోకాళ్ళు ఈ రేవంతటికీ తెలుసు" అన్నాను.

"మోకాళ్ళేనా? నా నడుం చూసి ఈర్ష్యపడకు."

"అది నడుమని నువ్వు చెబితేగాని తెలియలేదు."

మెలీనా ముసుగులోంచే నవ్వింది, అంతటితో అదీ దొరికిపోయింది. పియర్సీ పిల్లలు నిమిషంలో తేలిపోయారు. ఏడో మనిషి మాట్లాడలేదు. తలుపు కమ్మీకి ఎడమ భుజం ఆనించి నిలబడ్డాడు. పేరు నాకు తట్టలేదు. వయసైపోయింది.

ఆ ఫొటో ప్రదర్శనలో పెట్టడానికి అనుమతి అడిగావు. ఇవ్వను. ఎవరికీ చూపించవద్దు. మిగతావి నీ ఇష్టం.

నల్లగుడ్డ కింద నువ్వు కాలు మార్చి కాలు మీద నిలబడ్డావు. నిటారుగా నిలబడమన్నాను, జవాబివ్వలేదు. పెద్దవాళ్ళు పిలిస్తే పలకాలి.

నానమ్మ


సెయింట్ జాన్స్,
24 ఫిబ్రవరి 1994

నానమ్మా,

తేదీ వేశాను, చూసుకో.

ఫొటో అందింది. వెనక ఆ ఖాళీ గీతని చాలాసేపు చూశాను. బడిలో ఖాళీలు పూరించమని ఇచ్చేదానివి గాని నువ్వెప్పుడూ ఖాళీ వదిలేదానివి కాదు.

నేనెందుకు అడిగానో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ నా పని నీకు తెలుసు. పెళ్ళిళ్ళు, బడిపిల్లల వరసలు, పాస్‌పోర్టులు. రెండేళ్ళ కిందటి వేసవిలో ఒక పెళ్ళికూతురు పత్రికలోంచి చింపిన బొమ్మ తెచ్చి, "నన్ను ఈవిడలా తీయండి" అంది. తీశాను. అచ్చం ఆవిడలాగే వచ్చింది. ఎంతో సంతోషపడింది. ఇంటికొచ్చి ఆ ఫిల్ము కడుగుతుంటే, ఇందులో ఎవరూ లేరే అనిపించింది. ఆ పిల్లా లేదు, నేనూ లేను.

అప్పుడు మొదలైంది ఈ ముసుగుల పని. ముసుగేసుకున్న మనిషి కెమెరా కోసం నవ్వలేడు. భుజం, చెయ్యి, నిలబడే తీరు, అవే మిగులుతాయి. మొహం కప్పితే మనిషి బయటపడతాడని తీస్తూ తీస్తూ తెలుసుకున్నాను. రెండు శీతాకాలాలు తీశాను. ప్రదర్శన చూసుకునే ఆడ్లీ గారు అన్నీ బల్ల మీద పరచి, "బాగున్నాయి. కాని దేనికోసం తీస్తున్నావమ్మాయ్?" అని అడిగాడు. ఆయన నీ వంటింటి ఫొటో ఎత్తి పట్టుకుని, "ఇదొక్కటి నీకు తెలిసే తీశావు. మిగతావన్నీ దీని చుట్టూ తిరుగుతున్నాయి" అన్నాడు.

అది లేకుండా మిగతావి పెట్టబుద్ధి కావటం లేదు. ప్రదర్శన వచ్చే జనవరిలో. నవంబరు నెలాఖరుకి ఆయనకి చెప్పాలి. అందుకని మళ్ళీ అడుగుతున్నాను. వద్దంటే ఎందుకో చెప్పు.

నిజంగా పేరు తట్టలేదా నీకు?

కెజియా


హెరన్ కోవ్,
17 మార్చి 1994

కెజియాకు,

నీ ప్రశ్నకి జవాబు తరవాత. ముందు నాకు కొన్ని సంగతులు కావాలి.

నిన్న క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు లోరెట్టా నా చేతికి రక్తపోటు పట్టీ చుడుతుంటే, "ఆ రోజు మా ఇంటికొచ్చిన ఏడో మనిషి ఎవరే?" అని అడిగాను. ఊళ్ళో ఎవరు ఎవరింటికి వెళ్ళిందీ ఆ పిల్లకి తెలియకుండా ఉండదు. గబగబా గాలి కొట్టేసింది. నా వేళ్ళు నీలంగా మారాయి.

"లోరెట్టా, చెయ్యి నాది. నీకు అక్కర్లేకపోతే నాకు కావాలి."

"అయ్యో, టీచర్. నన్నడగకండి. కెజియానే అడగండి."

అందుకని నిన్నే అడుగుతున్నాను. నువ్వు ఆ మనిషిని కెమెరా అద్దంలోంచి చూశావు. తలకిందులుగా కనబడతాడని చెప్పావు, అయినా చూశావు.

రాయకూడదనుకున్న సంగతి ఇది. పొయ్యి వెనక మేకుకి ఒక జత చేతితొడుగులు ఉండేవి. బూడిదరంగు ఉన్ని, మణికట్టు దగ్గర రెండు నల్ల చారలు. ఎవరివో నీకు చెప్పక్కర్లేదు. అవి తడిశాయని నేనే ఆరేశాను. తెల్లవారి పడవెక్కేటప్పుడు మరచిపోయి, ఉత్త చేతులతో వెళ్ళాడు. నవంబరు. పడవ ఒక్కటే దొరికింది. పన్నెండేళ్ళు ఆ మేకుని ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ తుడిచాను, అంతే.

ముసుగువాళ్ళు వెళ్ళాక చూస్తే మేకు ఖాళీగా ఉంది. నేను వెతకలేదు. ఎవరినీ అడగలేదు. కేకు ఏడు ముక్కలు కోశాను, ఒకటి పళ్ళెంలో మిగిలింది. దాన్ని పారేయలేదు, గుడ్డ కప్పి అల్మారాలో పెట్టాను. మర్నాడు వేరే ముక్క కోసుకుని తిన్నాను గాని అది ముట్టుకోలేదు.

నేను దెయ్యాల్ని నమ్మేదాన్ని కానని నీకు తెలుసు. బడిలో వాటి గురించి మాట్లాడిన పిల్లల్ని బల్ల ఎక్కించాను. కాని ఆ రోజునుంచి నాకు నిద్ర పడుతోంది. గాలి ఈశాన్యం తిరిగినప్పుడు కూడా పడుతోంది. పన్నెండేళ్ళుగా గాలి అటు తిరిగితే చాలు, చలికి కొంకర్లు పోయిన చేతులు నా కళ్ళ ముందు కనబడేవి. ఇప్పుడు కనబడటం లేదు. తొడుగులు ఆ చేతులకి చేరాయి కాబట్టి అనుకున్నాను.

తరవాత నీ ఫొటో వచ్చింది. ఆ మనిషి చేతులకి ఆ తొడుగులున్నాయి.

బల్ల అడ్డం వచ్చి ఫొటోలో అతని కాళ్ళు కనబడలేదు. నువ్వు చూసి ఉంటావు. నాకొక్కటే కావాలి. ఆ మనిషి నిలబడ్డచోట నేల తడిగా ఉందా?

నానమ్మ


సెయింట్ జాన్స్,
8 ఏప్రిల్ 1994

నానమ్మా,

తడిగా ఉంది. మంచు కరిగిన తడి. నా బూట్లది.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇంతకంటే మెల్లగా చెప్పే దారి దొరకలేదు. నల్లగుడ్డ కింద ఉన్నది లోరెట్టా. కెమెరా సరిచేసి పెట్టి, ఎప్పుడు నొక్కాలో దానికి చెప్పి, నేను పెరటి గుమ్మంలోంచి బయటికెళ్ళి, నాన్న కోటు వేసుకుని, పియర్సీవాళ్ళ వెనకాల లోపలికొచ్చాను. నువ్వు నిటారుగా నిలబడమని గద్దిస్తే అది నవ్వాపుకోలేక ఆ గుడ్డని నోట్లో కుక్కుకుందట.

కోటు అమ్మ పెట్టెలో దొరికింది. ఎందుకు చేశానో చెప్తాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇది ఆటపట్టించడానికి కాదు.

నాన్న పోయిన రోజునుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తలేదు. నువ్వు భోజనం ముందు ప్రార్థనలో ఇంట్లో అందరి పేర్లూ చెప్పేదానివి. ఆ రోజునుంచి ఆయన పేరు దగ్గర ఊపిరి తీసుకుని ముందుకి వెళ్ళిపోయేదానివి. చర్చి పక్కన రాయి మీద సముద్రంలో పోయిన మిగతా అందరి పేర్లూ ఉన్నాయి. ఆయనది చెక్కనివ్వలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పేరు పలికితే తప్పేమో అనుకుని నేనూ మానేశాను. అమ్మ నన్ను హాలిఫాక్స్ తీసుకుపోయాక కూడా పలకలేదు. ఇరవయ్యేళ్ళొచ్చాక ఒకసారి ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అని చూశాను. ఎవరి పేరో చదివినట్టనిపించింది.

ఆటలో నువ్వు పేరు చెప్పాలి కదా. నాకు నీ గొంతులో ఆ పేరు వినాలనిపించింది. అంతే నానమ్మా. ఆడ్లీ గారు దేనికోసం అని అడిగింది అదే. రెండేళ్ళు ఊరూరా తిరిగి ఎవరెవరి వంటిళ్ళలోనో ముసుగువాళ్ళని ఫొటోలు తీసింది ఆ ఒక్క గుమ్మంలోకి రావడానికి.

ఇంకోటి కూడా రాయాలి. నేను ఆయన్ని అనుకరించాలని అనుకోలేదు. ఎలా నిలబడేవాడో నాకు గుర్తే లేదు. లోపలికొచ్చాక నా ఎడమ భుజం దానంతటదే కమ్మీకి ఆనుకుంది. చలికి చేతులు పొయ్యి వైపు చాపాను, అవి మేకు దగ్గరికి పోయాయి. తొడుక్కున్నాక, నేను వెళ్ళి తీశానో అవే వచ్చాయో చెప్పలేను. ముసుగు లోపల చెమట పట్టింది. నువ్వు కత్తి పట్టుకుని నావైపు చూశావు. నీ చూపు నేనెప్పుడూ ఎరగను. నువ్వు అలా ఎవరిని చూసేదానివో అప్పుడు తెలిసింది. భయమేసి వచ్చేశాను.

నీ నిద్ర పాడుచేశాను. ఏం చేయమంటే అది చేస్తాను.

కెజియా


హెరన్ కోవ్,
20 జూన్ 1994

కుమారి కెజియా కీపింగ్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఈ ఏడు మంచు ఆలస్యంగా పోవడంవల్ల బంగాళాదుంపలు ఇప్పటికి నాటాము. అల్మారాలోని ముక్క సముద్రపు కాకులకి వేశాము. ఇక్కడ అందరూ క్షేమం.

ఇట్లు,
డోర్కస్ కీపింగ్


సెయింట్ జాన్స్,
12 సెప్టెంబరు 1994

నానమ్మా,

నీ నోటివెంట 'గారు' వినడం కంటే బల్లెక్కించినా బాగుండేది.

ఈ పొట్లంలో మూడున్నాయి. చేతితొడుగులు ఒకటి. వీటిని నేనోసారి కూడా తొడుక్కోలేదు, ఆ సాయంత్రం తప్ప. కుడిదాని బొటనవేలు దగ్గర ఉన్ని తెగింది, అది నావల్లే.

రెండోది నెగటివ్. ఉన్నది ఇదొక్కటే. నా దగ్గరున్న ఫొటో చించేశాను. నువ్వు పేర్లు రాసినది మాత్రం చించలేకపోయాను, మూడోది అదే, నీకే పంపిస్తున్నాను. ఆడ్లీ గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ ఒక్కటి తీసేసి మిగతావి పెట్టమంటాడేమో. నాకు అవి ముసుగులే, ఇంకేం కావు. ఆపేద్దామనుకుంటున్నాను. పెళ్ళిళ్ళు ఉన్నాయి, బడులు ఉన్నాయి.

పొయ్యిలో వేయాలనిపిస్తే వేసెయ్యి. ఫిల్ము మండితే వాసనొస్తుంది, కిటికీ తెరిచి పెట్టుకో.

కెజియా


హెరన్ కోవ్,
16 నవంబరు 1994

కెజియాకు,

ఇవాళ రాయడానికి కారణం రెండు. నవంబరు నెలాఖరు దగ్గరపడింది, నువ్వు ఆయనకి జవాబు చెప్పాలి. రెండోది, ఇవాళ్టితో పదమూడేళ్ళు.

నెగటివ్‌ని పొయ్యిలో వేద్దామనే తీశాను. వేసేముందు ఒకసారి కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. అందులో అంతా తిరగబడి ఉంటుంది కదా, నల్లకోటు తెల్లగా వెలుగుతోంది, ముసుగు బొగ్గులా ఉంది. అతన్ని చూడలేక చూపు పక్కకి తిప్పాను. పక్కన నేనున్నాను. బల్ల వెనక, చేతిలో కత్తి.

ఫిబ్రవరిలో ఆ ఫొటో వెనక అందరి పేర్లూ రాశాను, నా పేరు రాయలేదు. నేనూ అందులో ఉన్నానని తోచలేదు. ఫొటో తీసి, చదువుకునే భూతద్దం పెట్టి చూశాను. నా నోరు తెరిచి ఉంది.

నేను పెదవి కదపలేదనే ఇన్నాళ్ళూ నమ్మాను. పేరు తట్టలేదని నీకు రాశాను, అది అబద్ధం. నువ్వు గుమ్మంలో కాలు పెట్టగానే తట్టింది. చెప్పకుండా ఆపుకున్నాను. ఎందుకో చెప్తాను, ఇంకెవరికీ చెప్పను. పేరు చెబితే ముసుగు తీయాలి, అది ఆట. తీస్తే కింద ఇంకెవరి మొహమైనా ఉంటే, అతను ఇక రాడు. పేరు చెప్పకపోతే, ఎవరో తెలియకుండానే వెళ్ళిపోతాడు. వెళ్ళిపోయినవాడు మళ్ళీ ఏడాది రావచ్చు. రాయి మీద చెక్కనివ్వకపోవడం కూడా ఇదే లెక్క. నేను ఎవరి లెక్కల్లో తప్పున్నా ఊరుకోనిదాన్ని, ఈ లెక్క పదమూడేళ్ళు ఇలా వదిలేశాను.

వేసవంతా నీ మీద కోపంగా ఉన్నాను. నువ్వు మోసం చేశావని కాదు, ముసుగేసుకున్నవాళ్ళు మోసం చేయాలి, అది వాళ్ళ పని. గాలి మళ్ళీ ఈశాన్యం తిరిగేసరికి ఆ చేతులు మళ్ళీ నా కళ్ళముందు కనబడ్డాయి. దానికి కోపం. ఇప్పుడూ కనబడుతున్నాయి. కాని ఆ చేతులు చిన్నవి. నీకు నాలుగేళ్ళప్పుడు పడవల దగ్గర ఆ తొడుగులు మోచేతుల దాకా లాక్కుని తిరిగేదానివి. అవి నువ్వు ఒక్కసారే తొడుక్కున్నావని రాశావు. అది తప్పు, దిద్దుకో.

దేనికోసం తీస్తున్నావని ఆయన అడిగాడుగా. నీ తరఫున నేను చెప్తాను. నా మొహం నేను చూసుకోవడానికి. అద్దంలో అయితే నోరు మూసుకునేదాన్ని.

నువ్వు పెళ్ళిళ్ళు తీసుకో, తప్పులేదు. ఆపడం మాత్రం కుదరదు. సగంలో వదిలిన పని ఈ ఇంట్లో ఒకటి చాలు.

నిన్న సైలస్‌ని పిలిచి పొయ్యి వెనక మేకు పీకమన్నాను. శ్రావణం పట్టుకుని నిలబడ్డాడు గాని చెయ్యి వేయలేదు.

"నిజంగానా టీచరమ్మా?"

"మేకు పీకడానికి ప్రమాణపత్రం కావాలా?"

పీకాడు. చేతిలో పెట్టుకుని చూస్తూ, "మంచి మేకు. ఎల్‌డ్రెడ్ కొట్టిందే ఇది, నేను పక్కనే ఉన్నాను" అన్నాడు. ఈ వంటింట్లో ఆ పేరు వినబడింది. ఇల్లేమీ కూలిపోలేదు. నేను సైలస్‌కి టీ పోశాను. వెళ్ళేటప్పుడు మేకు జేబులో వేసుకుపోతుంటే చూసీ ఊరుకున్నాను.

ఇక జరగవలసినవి రాస్తున్నాను. వరస మార్చవద్దు.

1. ఈ ఉత్తరం అందిన రోజే ఆడ్లీ గారికి ఫొటో ఇస్తున్నానని చెప్పు. నెగటివ్, పేర్లు రాసిన ఫొటో ఇందులో పెట్టాను. వంచకుండా తియ్యి.

2. గోడ మీద ఆ ఫొటో కింద పేర్లు, ఊరు, తేదీ మాత్రమే ఉండాలి. నా పేరు కూడా రాయి. వెనక ఖాళీ గీత మీద నేను రాసేశాను, రెండు పేర్లు. చూసుకుని అలాగే ఎక్కించు.

3. చేతితొడుగులు ఇందులోనే ఉన్నాయి. బొటనవేలు మళ్ళీ అల్లాను. వేళ్ళు నీ కొలతకి కుదించాను. ఇకమీదట ఇవి ఎక్కడా వేలాడదీయవద్దు, తొడుక్కో.

4. రాయి చెక్కేవాడికి రాశాను, మేలో వస్తాడు. అప్పుడు నువ్వు ఇక్కడ ఉండాలి. ఆ వారం పెళ్ళిళ్ళు ఒప్పుకోకు.

5. క్రిస్మస్‌కి ముందు చివరి పడవకి రా. పెట్టె కెమెరా తెచ్చుకో. గుడ్డ కింద లోరెట్టానే నిలబెట్టు, నిటారుగా నిలబడమను. నేను దాన్ని కెజియా అనే పిలుస్తాను. పలకమను.

6. మూడో రోజు సాయంత్రం ఆ కోటు వేసుకుని, ముసుగు కప్పుకుని, అందరి వెనకాల లోపలికి రా. మాట్లాడకు. మీ నాన్న నిలబడినట్టు నిలబడు.

7. నేను పేరు చెప్తాను. ఎల్‌డ్రెడ్ అంటాను, అందరికీ వినబడేలా. అప్పుడు ముసుగు తీసి నువ్వేనని నాకు చూపించు. తరవాత కేకు.

నానమ్మ